కార్డు కనిపిస్తోంది, దానికి తగిలించిన డిస్కులే కనిపించడం లేదు

తెనాలి స్టూడియో:
అందరికీ నమస్కారం. తెనాలిలో మాది పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే చిన్న స్టూడియో. 4కే వీడియో మొదలుపెట్టాక ఒక్కో పెళ్లికి నాలుగైదు వందల జీబీ అవుతోంది. ఫైళ్లన్నీ ఒక పాత కంప్యూటర్‌లో ట్రూనాస్ స్కేల్ (ఫైళ్లు దాచే సర్వర్‌గా మార్చే ఆపరేటింగ్ సిస్టమ్) వేసి దాచుకుంటున్నాం. బోర్డు బీ450, ప్రాసెసర్ రైజెన్ 5 3400జీ. బోర్డు మీద ఉన్న నాలుగు శాటా పోర్టులూ 4 టీబీ డిస్కులతో నిండిపోయాయి. ఇంకో నాలుగు 8 టీబీ డిస్కులు తగిలిద్దామని సెకండ్ హ్యాండ్‌లో ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ కార్డు, దాంతో పాటు ఒక కేబుల్ కొన్నాను. కేబుల్‌కు ఒక పక్క వెడల్పాటి కనెక్టర్, రెండో పక్క నాలుగు శాటా కొసలు ఉన్నాయి.

కార్డు పెట్టగానే బూట్ అయ్యేటప్పుడు ఎల్‌ఎస్‌ఐ బ్యానర్ వస్తోంది. ట్రూనాస్‌లో పీసీఐ జాబితా చూస్తే శాస్2008 అని కార్డు మీది చిప్ పేరు కూడా ఉంది. డిస్కులు మాత్రం ఒక్కటీ లేవు. స్లాట్ మార్చి చూశాను, కార్డు తీసి రెండుసార్లు మళ్లీ పెట్టాను. అమ్మినాయన్ని అడిగితే "కార్డు బాగానే ఉంది, మీ బోర్డుకే సరిపడలేదు" అంటున్నాడు. రెండు పెళ్లిళ్ల మెటీరియల్ ఇంకా కెమెరా కార్డుల్లోనే ఉంది, వాటిని ఖాళీ చేయాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

వరంగల్ వినియోగదారు:
బ్యానర్‌లో ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి ప్రోగ్రామ్) వెర్షన్ చివర ఐఆర్ అని ఉందా, ఐటీ అని ఉందా? ఐఆర్ ఉంటే అది రెయిడ్ మోడ్, అంటే డిస్కుల్ని కార్డే ఒక గుంపుగా కలిపే పద్ధతి, అందుకే డిస్కులు రావడం లేదు. పాత ఫర్మ్‌వేర్ చెరిపేసి, డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపే ఐటీ వేయండి, సరిపోతుంది.

తెనాలి స్టూడియో:
ఇప్పుడే చూశాను, ఐఆర్ అనే ఉంది. అయితే చెరిపేయనా?

పాత సర్వర్ల మనిషి:
ఆగు తమ్ముడూ, ఇప్పుడే ఏమీ చెరపొద్దు. ఈ చిప్ ఉన్న కార్డులతో నాకు పదేళ్లకు పైగా పని. ఐటీ ఫర్మ్‌వేర్ మంచిదన్న మాట నిజమే, చివరికి అదే వేసుకోవాలి. అయితే 9211-8ఐలో ఐఆర్ ఫర్మ్‌వేర్ ఉన్నా, రెయిడ్‌లో చేర్చని డిస్కుల్ని అది విడివిడిగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు చూపిస్తుంది. కాబట్టి నాలుగూ మాయం కావడానికి కారణం అది కాదు. ఇదే చిప్‌తో వేరే కంపెనీల పేర్ల మీద వచ్చిన కొన్ని కార్డుల్లో మెగారెయిడ్ తరహా ఫర్మ్‌వేర్ ఉంటుంది. వాటిలో అయితే వరంగల్ మిత్రుడు చెప్పినట్టే జరగొచ్చు.

అసలు కారణం తెలియకుండా ఫర్మ్‌వేర్ చెరిపితే, రేపు కార్డు కూడా కనిపించకపోతే పాత జబ్బు ఏదో, కొత్త జబ్బు ఏదో తేల్చలేం. ఒక్కో అనుమానం తీర్చుకుంటూ పోదాం. రెండు పనులు చేసి చెప్పు.

మొదటిది, కంప్యూటర్ ఆన్ చేసి ఒక్కో 8 టీబీ డిస్కు మీద చెయ్యి పెట్టి చూడు. లోపల తిరుగుతున్న అదురు చేతికి తెలుస్తుంది. అదురు ఉంటే పవర్ అందుతున్నట్టు, లేకపోతే పవర్ దగ్గరే తేడా ఉన్నట్టు.

రెండోది, ఆ కేబుల్ వచ్చిన కవరు మీద గానీ, కేబుల్‌కు చుట్టిన చీటీ మీద గానీ ఏం రాసి ఉందో అక్షరం వదలకుండా ఇక్కడ పెట్టు.

తెనాలి స్టూడియో:
అన్నా, మూడు డిస్కులు అదురుతున్నాయి. నాలుగోది చల్లగా, కదలిక లేకుండా ఉంది. కేబుల్ కవరు మీద ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087, నాలుగు శాటా, రివర్స్ బ్రేకౌట్ అని ఉంది.

పాత సర్వర్ల మనిషి:
దొరికింది. కేబుల్ తప్పు.

ఈ కేబుళ్లు రెండు రకాలు. ఫార్వర్డ్ బ్రేకౌట్‌లో వెడల్పాటి కొస కార్డుకు పెడతారు, నాలుగు శాటా కొసలు డిస్కులకు వెళ్తాయి. రివర్స్ బ్రేకౌట్‌లో నాలుగు శాటా కొసలు మదర్‌బోర్డు పోర్టులకు పెడతారు, వెడల్పాటి కొస సర్వర్ బాక్సులో డిస్కులు కూర్చునే బ్యాక్‌ప్లేన్‌కు వెళ్తుంది. బయటికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. లోపల పంపే తీగలు, అందుకునే తీగలు కలిపిన తీరు వేరు. నీ దగ్గర ఇప్పుడు కార్డు మాట్లాడే తీగ డిస్కు మాట్లాడే తీగకే తగులుతోంది, వినేవాళ్లు ఎవరూ లేరు. దీనివల్ల కార్డుకు గానీ డిస్కుకు గానీ నష్టం ఏమీ ఉండదు, లింక్ రాదంతే. కంగారు పడకు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలోనో ఆన్‌లైన్‌లోనో ఫార్వర్డ్ బ్రేకౌట్ అని అడిగి మరీ తీసుకో. కొనేటప్పుడు "హెచ్‌బీఏ కార్డు నుంచి నేరుగా శాటా డిస్కులకు" అని చెప్తే ఇంకా మంచిది, హెచ్‌బీఏ అంటే నీ కార్డు లాంటిదే. అర మీటరు పొడవు చాలు, ఎక్కువ పొడవు తీసుకుని క్యాబినెట్‌లో మడతలు పెట్టకు.

నాలుగో డిస్కు సంగతి వేరే. అది ఎక్కడ కొన్నావు?

తెనాలి స్టూడియో:
మిగతా మూడూ కొత్తవి. నాలుగోది యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ డిస్కు అన్నా. ధర తక్కువని కొని, పెట్టె విప్పి లోపలి డిస్కు తీశాను. పెట్టెలో ఉన్నప్పుడు బాగానే పనిచేసింది. పాడైపోయిందా?

పాత సర్వర్ల మనిషి:
పాడై ఉండదు. శాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులు ఉంటాయి. మొదటి మూడూ ఒకప్పుడు 3.3 వోల్టులకు కేటాయించినవి, డెస్క్‌టాప్ డిస్కులు వాటిని దాదాపు వాడలేదు. తర్వాత వచ్చిన ప్రమాణంలో మూడో పిన్నుకు కొత్త పని ఇచ్చారు. ఆ పిన్నులో కరెంటు ఉన్నంతసేపు డిస్కు ఆగిపోవాలి. డేటా సెంటర్లలో హ్యాంగ్ అయిన డిస్కును దూరం నుంచి ఆపి మళ్లీ లేపడానికి అది పనికొస్తుంది. ఎక్స్‌టర్నల్ పెట్టెల్లో వచ్చే కొన్ని డిస్కులు ఈ రకానివే. ఇంట్లో వాడే పవర్ సప్లై ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. దాంతో డిస్కు అసలు తిరగదు.

డిస్కు వెనక చిన్న కనెక్టర్ డేటాది, పొడవాటిది పవర్‌ది. పవర్ కనెక్టర్‌లో డేటా వైపు నుంచి లెక్కపెడితే మొదటి మూడు పిన్నులు ఇవే. కాప్టన్ టేప్ అని పసుపు, గోధుమ రంగు కలిసినట్టుండే పల్చటి టేప్ దొరుకుతుంది, సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో అడుగు. మూడు పిన్నుల వెడల్పుకు కత్తిరించి వాటి మీద అంటించు. నాలుగోది గ్రౌండ్, దాని మీదికి టేప్ పోనివ్వకు. గోటితో గట్టిగా రుద్ది, ట్వీజర్స్‌తో అంచులు అదిమి, పవర్ కేబుల్‌ను వంకర పోకుండా నేరుగా తొయ్యి. మామూలు సెల్లోటేప్ వద్దు, వేడికి జిగురు కారుతుంది.

మోలెక్స్ నుంచి శాటాకు మార్చే అడాప్టర్ వాడినా ఈ సమస్య పోతుంది, ఎందుకంటే మోలెక్స్‌లో 3.3 వోల్టులే లేవు. కానీ తీగల చుట్టూ ప్లాస్టిక్ పోత పోసిన అడాప్టర్లు దయచేసి వాడకు. లోపల తీగలు దగ్గర పడి, కరిగి, నిప్పంటుకున్న సందర్భాలు ఉన్నాయి. ఒకటి నేనే వాసన పట్టి ఆపాను, కనెక్టర్ సగం నల్లబడి ఉంది. వెనక మూత తెరిస్తే ఒక్కో తీగ విడిగా కనిపించే రకమే కొనాలి.

భీమవరం నుంచి:
మధ్యలో వస్తున్నాను, నాదీ దాదాపు ఇదే చిప్. పెద్ద కంపెనీ సర్వర్ నుంచి ఊడదీసిన కార్డు. నా బోర్డులో పెడితే కంప్యూటరే ఆన్ కావడం లేదు. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదు. కార్డు తీస్తే మామూలుగా ఆన్ అవుతోంది.

పాత సర్వర్ల మనిషి:
సర్వర్ కంపెనీల పేరు మీద వచ్చిన కార్డులతో ఇది బాగా తెలిసిన ఇబ్బందే. స్లాట్‌లో కూర్చునే బంగారు రంగు అంచు చూడండి. చిప్ ఉన్న వైపు, లోహపు బ్రాకెట్ దగ్గర నుంచి లెక్కపెడితే 5, 6 పిన్నులు ఎస్‌ఎంబస్ అనే నిర్వహణ సంకేతాలవి. మామూలు బోర్డు వాటితో తికమక పడి ఆగిపోతుంది. ఆ రెండింటి మీద కాప్టన్ టేప్ అంటించి పెట్టండి. డేటా ఆ పిన్నుల్లో పోదు కాబట్టి వేగం తగ్గదు.

వరంగల్ వినియోగదారు:
ఐఆర్ ఉన్నా డిస్కులు కనిపిస్తాయన్నది నాకు తెలియదు సర్, సరిదిద్దినందుకు థ్యాంక్స్. ఇంకో సందేహం. నాలుగు డిస్కులకు ఇంత పాత సర్వర్ కార్డు అవసరమా? ఏఎస్‌ఎమ్ 1166 చిప్ ఉన్న ఆరు పోర్టుల శాటా కార్డు సరిపోదా?

పాత సర్వర్ల మనిషి:
మంచి ప్రశ్న. సరిపోతుంది. నాలుగైదు డిస్కులతో ఆగిపోయేవాళ్లకు నేను కూడా అదే చెప్తాను. కరెంటు తక్కువ తాగుతుంది, పెద్దగా వేడెక్కదు, ఫర్మ్‌వేర్ మార్చే ఫ్లాషింగ్ గొడవ లేదు, మామూలు శాటా కేబుళ్లు చాలు. వద్దనేది ఒక్క రకమే. చిన్న ఎక్స్1 స్లాట్‌లో కూర్చుంటూ పది, పదహారు పోర్టులు చూపించే కార్డులు. వాటిలో పోర్ట్ మల్టిప్లయర్ చిప్పులు పెడతారు, అంటే ఒక్క దారినే నలుగురైదుగురికి పంచుతారు. ట్రూనాస్ వాడే ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్, తప్పులు వెతకడానికి అన్ని డిస్కుల్నీ ఒకేసారి చదివే స్క్రబ్ రోజున అవి తడబడతాయి.

తెనాలి తమ్ముడికి ఎనిమిది పోర్టులు రేపు పనికొస్తాయి, కార్డు ఎలాగూ కొన్నాడు. పైగా 3400జీలో గ్రాఫిక్స్ లోపలే ఉంది కాబట్టి పై పెద్ద స్లాట్ ఖాళీ. ఆ ప్రాసెసర్ ఆ స్లాట్‌కు ఇచ్చేది ఎనిమిది లేన్లు (డేటా దారులు), ఈ కార్డుకు కావలసిందీ ఎనిమిదే. కార్డు పీసీఐఈ 2.0 రకం, లేన్‌కు సెకనుకు 500 ఎంబీ లెక్కన 4 జీబీ దారి ఉంది. ఎనిమిది డిస్కులు తలా 200 ఎంబీ లాగినా 1.6 జీబీయే. కాబట్టి పై స్లాట్‌లోనే ఉంచు.

వేడి సంగతి మాత్రం మర్చిపోవద్దు. సర్వర్లలో గాలి హోరున వీచే చోట ఉండాలని చేసిన కార్డు ఇది. నీ క్యాబినెట్‌లో అంత గాలి ఉండదు, పైగా మన కోస్తా మే నెల. హీట్‌సింక్ మీద వేలు పెట్టి రెండు క్షణాలు ఉంచలేకపోతే, 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి జిప్ టైలతో దాని ఎదురుగా కట్టు.

తెనాలి స్టూడియో:
అన్నా, కేబుల్ వచ్చింది, మార్చాను. మూడు డిస్కులూ వెంటనే వచ్చాయి. టేప్ అంటించాక నాలుగోది గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది, ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఐటీ ఫర్మ్‌వేర్ ఎలా వేయాలో చెప్తారా?

పాత సర్వర్ల మనిషి:
చాలా సంతోషం. ఇది తీరిగ్గా ఉన్న రోజు, కంప్యూటర్ యూపీఎస్ మీద ఉన్నప్పుడే చెయ్యి. చెరపడానికీ రాయడానికీ మధ్య కరెంటు పోతే కార్డు మళ్లీ లేవడం కష్టం.

ఫైళ్ల కోసం ఎల్‌ఎస్‌ఐ అని వెతికితే దారి తప్పుతావు. ఆ కంపెనీని 2014లో అవాగో కొన్నది, అవాగో 2016లో బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరే పెట్టుకుంది. అందుకే బ్రాడ్‌కామ్ సైట్‌లో పాత ఉత్పత్తుల విభాగంలో చూడాలి. నీకు కావలసింది ఫేజ్ 20, వెర్షన్ 20.00.07.00. ఫేజ్ 20లోనే మొదట వచ్చిన వెర్షన్లతో జనం ఇబ్బంది పడ్డారు, చివర 07 ఉందో లేదో చూసుకో. ఫర్మ్‌వేర్ రాసే శాస్2ఫ్లాష్ టూల్‌లో డాస్‌కు ఒకటి, ఈఎఫ్ఐకి ఒకటి ఉంటాయి. కొత్త బోర్డుల్లో డాస్‌ది "పాల్ మొదలవలేదు" అనే ఎర్రర్‌తో ఆగిపోతుంది, ఈఎఫ్ఐది తీసుకో.

ముందు కార్డు బయటికి తీసి, దాని మీద స్టిక్కర్‌లో 500605బీతో మొదలయ్యే శాస్ అడ్రస్‌ను (కార్డు గుర్తింపు సంఖ్యను) ఫోన్‌తో ఫొటో తీసుకో. డిస్కుల కేబుల్ ఊడదీసి ఉంచు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ నుంచి ఈఎఫ్ఐ షెల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే ఆదేశాలు టైప్ చేసే చోటికి) వెళ్లి, మొదట లిస్ట్‌ఆల్ ఆప్షన్‌తో కార్డు కనిపిస్తోందో లేదో చూడు. ఐఆర్ మీద నేరుగా ఐటీ వేయనివ్వదు, అందుకే "-e 6" అనే ఆప్షన్‌తో చెరపాలి. చెరిపాక రీస్టార్ట్ చేయకుండా అక్కడే 2118ఐటీ ఫైలు రాయాలి, ఆ వెంటనే ఫొటోలో ఉన్న అడ్రస్ టైప్ చేయాలి. బ్యానర్ చూపించే బూట్ రోమ్ ఫైలు వేయకపోయినా ఫర్వాలేదు. ఈ కార్డు మీది డిస్కుల నుంచి బూట్ చేయవు కదా, బ్యానర్ కోసం ఆగే సమయం మిగులుతుంది.

కొత్త డిస్కుల్లోకి పెళ్లి ఫైళ్లు ఎక్కించే ముందు ఒక్కోదానికీ స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్కు తనను తానే పూర్తిగా పరీక్షించుకునేది) పెట్టు. 8 టీబీకి దాదాపు పదిహేను గంటలు పడుతుంది, నాలుగూ ఒకేసారి పెట్టొచ్చు. అది పూర్తయ్యేదాకా కెమెరా కార్డులు ఫార్మాట్ చేయకు.

తెనాలి స్టూడియో:
ఆదివారం ఉదయం కూర్చుని చేశాను. మీరన్నట్టే నేరుగా వేయబోతే ఐఆర్ మీద ఐటీ కుదరదని చెప్పింది, చెరిపాక ఎక్కింది. ఇప్పుడు 20.00.07.00 ఐటీ చూపిస్తోంది. బ్యానర్ పోయింది, కంప్యూటర్ తొందరగా లేస్తోంది. ఫ్యాన్ కట్టాను, హీట్‌సింక్ మీద వేలు ఎంతసేపైనా ఉంచగలుగుతున్నాను. నాలుగు డిస్కులూ లాంగ్ టెస్ట్ పాసయ్యాయి. తర్వాత ఒక పెళ్లి ఫోల్డర్ మొత్తం కాపీ చేసి స్మార్ట్ వివరాలు చూశాను, కేబుల్ తప్పులు లెక్కపెట్టే సీఆర్‌సీ వరస నాలుగింటిలోనూ సున్నాయే ఉంది. రెండో పెళ్లిది ఇప్పుడు కాపీ అవుతోంది.

భీమవరం నుంచి:
నా కంప్యూటర్ కూడా ఆన్ అయింది సర్. టేప్ మొదటిసారి ఏడో పిన్ను మీదికి కూడా వచ్చింది, అప్పుడూ ఆన్ కాలేదు. దాన్ని తీసి సన్నగా కత్తిరించి సరిగ్గా రెండు పిన్నుల మీదే అంటించాక వచ్చింది.