లాకర్లో దొరికిన రెండు వేల నోట్లు: రాజమండ్రి నుంచి మార్చుకోవడం ఎలా?

గోదావరిగట్టు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పెళ్ళి ఉంది, కాసులపేరు తీద్దామని అమ్మ బ్యాంకు లాకరు తెరిస్తే నగల డబ్బా అడుగున పదిహేడు రెండు వేల నోట్లు బయటపడ్డాయి. అమ్మ మర్చిపోయి కాదు. "ఆపేశారంటే కొత్తవి అచ్చెయ్యడం ఆపేశారనుకున్నాన్రా, ఉన్నవి ఎక్కడికి పోతాయి" అంటోంది.

లాకరు గది కింద, క్యాషు కౌంటరు పైన. మెట్లెక్కి వెళ్ళి ఇస్తే క్యాషియర్ గారు నోట్లు ముట్టుకోను కూడా లేదు. "ఇవి మేం తీసుకోం సార్, హైదరాబాద్ ఆర్బీఐకి వెళ్ళాల్సిందే" అన్నారు. ఇన్నేళ్ళూ వాళ్ళ బిల్డింగులోనే, వాళ్ళ తాళం కిందే ఉన్న డబ్బు! లాకరు అద్దె మాత్రం ఏటా టంచనుగా కోసుకున్నారు.

పెట్రోలు బంకులో అడిగితే కుర్రాడు నవ్వాడు. తెలిసిన బంగారం షాపాయన నోటుకి పదహారు వందల చొప్పున లెక్కేసుకుని వస్తువు తీసుకోమంటున్నాడు. అంటే ఆరు వేల ఎనిమిది వందలు పోయినట్టే.

ఇవి అసలు చెల్లుతాయా, చెల్లవా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, హైదరాబాద్ తీసుకెళ్ళలేను. వాటిలో ఒక నోటుకి గుండుసూది తుప్పు పట్టి మూల కాస్త ఊడింది. పైగా ఒక పాత వెయ్యి నోటు కూడా ఉంది. దాని సంగతేంటి?

బెజవాడ బాబాయ్:

ముందు ఆ బంగారం షాపాయనకి ఒక దండం పెట్టి వచ్చెయ్యండి. మిగతాది మన గ్రూపులోని పాత క్యాషియర్ గారు చెప్తారు, ఆయన ఈ టాపిక్ ఎక్కడున్నా వాసన పట్టేస్తారు.

పాత క్యాషియర్:

బాబాయ్ గారూ, పట్టాను.

చట్టప్రకారం చెల్లుతాయి. 2023 మే 19న ఆర్బీఐ చేసింది ఉపసంహరణ, రద్దు కాదు. 2016 నవంబరు 8 రాత్రి అయిదొందలు, వెయ్యి నోట్లకి జరిగింది రద్దు. ఈ తేడా కాగితం మీద చాలా పెద్దది, బజార్లో మాత్రం లేనట్టే. ఎందుకంటే మీ బంకు కుర్రాడు తీసుకున్నాడనుకోండి, సాయంత్రం వాళ్ళ ఓనరు దాన్ని ఎక్కడ కట్టాలి? బ్యాంకు శాఖలు 2023 అక్టోబరు 7తో తీసుకోవడం ఆపేశాయి. తన చేతిలోంచి పోయే దారి లేని నోటుని, ఎంత చట్టబద్ధమైనదైనా, ఎవడూ చేతిలోకి రానివ్వడు. కాబట్టి కుర్రాణ్ణీ, మీ బ్యాంకు క్యాషియర్‌నీ తిట్టుకోకండి. తీసుకోవడం ఆయన చేతిలో లేదు. కాకపోతే పోస్టులో పంపొచ్చని ఒక ముక్క చెప్పి ఉండాల్సింది. అది చెప్పకపోవడం మాత్రం తప్పే.

ఇప్పుడు తీసుకునేది ఆర్బీఐ ఇష్యూ ఆఫీసులు, దేశం మొత్తం మీద 19. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కటీ లేదు. మనకి హైదరాబాద్‌లో సైఫాబాద్ ఆఫీసు, తిరుపతి వైపు వాళ్ళకి చెన్నై, అనంతపురం వాళ్ళకి బెంగళూరు, శ్రీకాకుళం వాళ్ళకి భువనేశ్వర్ దగ్గర. కౌంటర్లో చేతికి నోట్లు కావాలంటే ఒకసారికి ఇరవై వేల వరకే మారుస్తారు. ఖాతాలో వెయ్యమంటే ఆ పరిమితి లేదు. మీవి ముప్ఫై నాలుగు వేలు కాబట్టి ఎలాగూ ఖాతాయే మేలు.

అమ్మగారు కదలక్కర్లేదు. ఏ పోస్టాఫీసు నుంచైనా ఇండియా పోస్టులో ఆర్బీఐకి పంపొచ్చు, డబ్బు ఆవిడ ఖాతాలో పడుతుంది. కానీ మామూలు కవర్లో పెట్టి పడెయ్యకండి, ఇన్సూర్ చేయించాలి. అందుకే చిన్న పోస్టాఫీసు కాకుండా హెడ్ పోస్టాఫీసుకి వెళ్ళండి. గట్టి కవరు, లోపల దరఖాస్తు, గుర్తింపు కార్డు జిరాక్సు, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు. కవరు అతుకుల మీద లక్క కరిగించి సీలు వెయ్యమంటారు. ఆ ముద్ర మీ సొంతది అయ్యుండాలి. రూపాయి బిళ్ళతో నొక్కితే ఒప్పుకోరు, ఎవరి దగ్గరైనా ఉండే గుర్తు కదా. ఈ కాలంలో లక్క, సీలు ఎక్కడ దొరుకుతాయని టెన్షన్ పడకండి. కోర్టు దగ్గర స్టేషనరీ కొట్లలో అడగండి.

తుప్పు పట్టిన నోటు: రెండు వేల నోటు 16.6 సెంటీమీటర్ల పొడవు, 6.6 వెడల్పు, అంటే మొత్తం సుమారు 109 చదరపు సెంటీమీటర్లు. ఒకే ముక్కగా 88 మిగిలితే పూర్తి విలువ, 44 మిగిలితే సగం. గుండుసూది మూల ఊడితే పోయేది ఒకటో రెండో చదరపు సెంటీమీటర్లు, కాబట్టి పూర్తి విలువే. దానికి టేపు మాత్రం అంటించకండి, దయచేసి. నా సర్వీసంతా ఆ టేపులు పీక్కోవడంతోనే సరిపోయింది.

వెయ్యి నోటు మీద ఆశ వదిలెయ్యండి. 2017లో వచ్చిన చట్టం ప్రకారం అలాంటి పాత నోట్లు పది దాకా ఉంచుకోవచ్చు, దాటితే జరిమానా. ఒక్కటే కాబట్టి భయం లేదు, పిల్లలకి చూపించడానికి ఉంచండి. మేం ఉద్యోగాల్లో చేరిన కొత్తలో మా సీనియర్లు 1978 జనవరి సంగతి చెప్పేవారు. అప్పుడు వెయ్యి, అయిదు వేలు, పది వేల నోట్లు రద్దు చేశారు. పది వేల నోటు కళ్ళతో చూసినవాళ్ళే తక్కువ కాబట్టి ఊళ్ళలో దాని వేడి పెద్దగా తగల్లేదు. 2016లో అయిదొందల నోటు కూలివాడి జేబులో కూడా ఉంది, అదీ తేడా.

అనంత సీమ:

మేం బెంగళూరుకి పోస్టులోనే పంపినాం. డబ్బు ఖాతాలో పడింది, ఏం ఇబ్బంది రాలేదు. ఒకటి చెప్తా, కవరు మూసే ముందు ప్రతి నోటు నంబరు దరఖాస్తు కాపీ మీద రాసుకోండి, ఫోటోలు తీసుకోండి. మా చిన్నాయన ఇవన్నీ అనవసరం అన్నాడు కానీ డబ్బు పడేదాకా నిద్రపోనిది ఆయనే.

సైఫాబాద్ సుబ్బు:

హైదరాబాద్‌లో చుట్టాలుంటే వాళ్ళ చేతికిచ్చి పంపుదామని మాత్రం అనుకోకండి. తెచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు అడుగుతారు, డబ్బేమో మీ అమ్మగారిది, అనవసరపు తిరకాసు. "కమీషనుకి మార్చిపెడతాం" అని ఎవరైనా వెంటపడితే అసలు ఆగొద్దు.

గోదావరిగట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. పోస్టుకే ఫిక్సయ్యాం. ఇంకొక్క సందేహం. అమ్మ సంతకం ఈమధ్య వణుకుతోంది, బ్యాంకులో ఉన్నదానికీ ఇప్పటిదానికీ పోలికే లేదు. నా పేరు మీద, నా ఖాతా నంబరుతో పంపేస్తే?

పాత క్యాషియర్:

వద్దు బాబూ. లాకరు ఆవిడది, డబ్బు ఆవిడది, ఖాతా కూడా ఆవిడదే ఇవ్వండి. రేపు ఎవరైనా ఎక్కడివని అడిగితే జవాబు ఒక్కటే ఉంటుంది. సంతకం సంగతి ముందు మీ బ్యాంకులో చూసుకోండి, కొత్త నమూనా సంతకం ఇస్తే మార్చుకుంటారు. అదయ్యాకే లక్క కొనండి.