మా గిల్డ్ హీలర్ 23 రోజులుగా కనిపించట్లేదు, అసలు పేరు కూడా తెలీదు. ఏం చేయాలి?

మూడో_గ్రూప్_మేజ్:
వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో మాది మామూలు గిల్డే, అంటే కలిసి ఆడే జట్టు, పెద్ద బాస్‌లని కొట్టే రైడ్‌కి వారానికి రెండు రాత్రులు 40 మందిని పోగేసేసరికి తల ప్రాణం తోకకి వస్తుంది. అందులో ఒక ప్రీస్ట్ ఉన్నాడు, మిగతావాళ్ల ప్రాణాలు నింపే హీలర్. ఉన్నాడు అంటున్నాను గానీ ఆడో మగో కూడా తెలీదు, వాయిస్‌లో వింటాడే తప్ప మాట్లాడడు, ఏం చెప్పాలన్నా టైప్ చేస్తాడు. నేను చేరిన కొత్తలో నా దగ్గరున్నవన్నీ ఆరు అరల సంచులే, సగం సామాను పారేసుకుంటూ తిరిగేదాన్ని. అది గమనించి అడక్కుండానే మూన్‌క్లాత్ అనే బట్టతో నాలుగు పెద్ద బ్యాగులు కుట్టి మెయిల్‌లో పంపాడు. ఆడేవాళ్లకి తెలుసు, ఒక మూన్‌క్లాత్ చేశాక ఇంకోటి చేయాలంటే నాలుగు రోజులు ఆగాలి, అంటే రెండు వారాల పని నాకే పెట్టేశాడన్నమాట. గోల్డ్ ఇస్తానంటే "మేజ్‌వి కదా, నీళ్లు పెట్టు చాలు" అన్నాడు. మేజ్‌లు మంత్రంతో నీళ్లు చేస్తారు, అవి తాగితే హీలర్‌కి మంత్రశక్తి తిరిగొస్తుంది. అప్పట్నుంచీ ప్రతి రైడ్‌కి ముందు అతని దగ్గరికెళ్లి ఐదు కట్టల నీళ్లు ట్రేడ్ చేయడం నా డ్యూటీ.

ఇప్పుడు రోస్టర్‌లో, అంటే గిల్డ్ సభ్యుల జాబితాలో చూస్తే చివరిసారి ఆన్‌లైన్‌కి వచ్చి 23 రోజులు. రెండో క్యారెక్టర్ కూడా అంతే. ఫోన్ నంబర్ లేదు, డిస్కార్డ్ చాట్ యాప్‌లో చుక్క బూడిద రంగులోనే ఉంది, అంటే ఆఫ్‌లైన్. ఏదైనా జరిగిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఇంత టెన్షన్ పడటమేంటని ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు కూడా. మీరైతే ఏం చేసేవారు?

పాత_ఆఫీసర్:
ముందు కంగారు పడకండి. ఆరేడేళ్లు గిల్డ్‌ని నడిపే ఆఫీసర్‌గా చేశాను, ఇలా మాయమైనవాళ్లలో ఎక్కువమందికి పరీక్షలో, కొత్త ఉద్యోగమో, గ్రాఫిక్స్ కార్డు పోవడమో, అంతే. అతన్ని గిల్డ్‌లోకి మొదట పిలిచింది ఎవరో కనుక్కోండి, వాళ్లకి ఇంకేదైనా దారి తెలిసి ఉండొచ్చు. గేమ్ మెయిల్‌లో రెండు ముక్కలు రాసి పెట్టండి, "ఎందుకు రావట్లేదు" అని కాకుండా "బాగున్నావా" అని. అతని అడ్రస్ కోసం నెట్‌లో తవ్వడం మాత్రం వద్దు, అతనే చెప్పనిది మనం వెతకడం మర్యాద కాదు.

ఇంకోటి, దయచేసి రోస్టర్‌లోంచి తీసేయకండి. మేం ఒకసారి ఆ పని చేశాం. నెల రోజులు రాని వాళ్లందరినీ ఒక్క ఆదివారం కూర్చుని ఏరేశాం, జాగా కావాలని. వాళ్లలో ఒకతను చెయ్యి విరిగి ఆపరేషన్ అయి ఉన్నాడట. కట్టు విప్పిన రోజే లాగిన్ అయ్యాడు, చూస్తే పేరు కింద గిల్డ్ పేరు లేదు. నాకొక్కడికి "ఓకే" అని విస్పర్ (ప్రైవేట్ మెసేజ్) పెట్టాడు. తిరిగి రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. ఆ జాబితాలో అతని పేరు మీద క్లిక్ చేసింది నేనే.

ఉప్పూకారం:
అందరూ ఆస్పత్రి దాకా వెళ్లిపోయారు గానీ, నేనొకటి అడుగుతా, ఏమనుకోకండి. ఆ చివరి రైడ్‌లో ఏం జరిగింది? నేనూ హీలర్‌నే. బాస్ చచ్చిపోతే ఎవరెంత కొట్టారో చూపే డ్యామేజ్ మీటర్లో పైనున్నవాడికి చప్పట్లు, ముందు నిలబడి దెబ్బలు కాచే ట్యాంక్ చచ్చిపోతే "హీల్స్ ఎక్కడ" అని మాకు తిట్లు. హీలర్ మాట్లాడకుండా వెళ్లిపోయాడంటే పదిసార్లలో ఆరుసార్లు లోపలే ఏదో జరిగి ఉంటుందని నా లెక్క. మనిషికి చెప్పకుండా వెళ్లే హక్కు కూడా ఉంటుంది కదా.

మూడో_గ్రూప్_మేజ్:
@ఉప్పూకారం మీరు అడిగాక పాత చాట్ తీసి చూశాను. నిజం చెప్పాలంటే జరిగింది. ఆ రోజు మోల్టెన్ కోర్ అనే రైడ్‌లో గార్ అనే బాస్ దగ్గర ఆరాస్టోన్ హ్యామర్ పడింది, హీలర్లకి పనికొచ్చే ఆయుధం. అతను నెలల తరబడి దానికోసమే చూస్తున్నాడు, అందరికీ తెలుసు. ఆఫీసర్లు దాన్ని చేరి రెండు వారాలైన పాలాడిన్ పాత్ర ఆడే ఒకడికి ఇచ్చేశారు, ఇవ్వకపోతే వేరే గిల్డ్‌కి పోతాడని. మా ప్రీస్ట్ "పర్లేదు" అని టైప్ చేశాడు. రైడ్ అయ్యేదాకా ఉన్నాడు, అందరికీ బఫ్‌లు (బలం పెంచే మంత్రాలు) వేశాడు, మధ్యలో వెళ్లిపోలేదు. నేను పక్కనే ఉన్నా, అన్యాయం అనిపించింది, అయినా ఒక్క మాట అనలేదు. ఇది ప్రశ్నలో రాయకుండా ఎందుకు వదిలేశానో నాకే అర్థం కావట్లేదు.

ఉప్పూకారం:
ఆ "పర్లేదు"లోనే ఉంది అంతా. అందుకే రైడ్‌కి వచ్చినవాళ్లకి పాయింట్లిచ్చి వాటి లెక్కన వస్తువులు పంచే డీకేపీ లాంటి పద్ధతులు ఎవర్‌క్వెస్ట్ అనే పాత గేమ్ కాలంలోనే పుట్టాయి. నలభై మంది గంటల తరబడి కొడితే పడేవి రెండో మూడో వస్తువులు, వాటికోసం స్నేహాలు తెగకూడదని. ఆఫీసర్లు నోటి లెక్కతో పంచితే గట్టిగా అడిగేవాడికి పోతాయి, ఊరుకునేవాడికి ఉండవు. మీ మెయిల్‌లో "బాగున్నావా"తో పాటు ఆ హ్యామర్ సంగతి కూడా రాయండి. తిరిగి రమ్మని మాత్రం అడక్కండి.

రాత్రి_షిఫ్ట్_వార్లాక్:
ముక్కూ మొహం తెలియని మనిషి అని నవ్వేవాళ్ల గురించి ఒక మాట. నార్వేలో మాట్స్ స్టీన్ అని ఒకతను ఉండేవాడు, డుషేన్ కండరాల జబ్బు, చక్రాల కుర్చీలోనే బతికాడు. 2014లో 25 ఏళ్లకే పోయాడు. కొడుక్కి స్నేహితులే లేరని తల్లిదండ్రులు బాధపడుతూ ఉండేవాళ్లు. పోయాక అతని బ్లాగులో ఆ కబురు పెట్టి తమ ఈమెయిల్ ఇస్తే, ఉత్తరాలు వరసగా వచ్చిపడ్డాయి. అన్నీ ఇదే గేమ్‌లో స్టార్‌లైట్ అనే అతని గిల్డ్ వాళ్లవీ, అక్కడ పరిచయమైనవాళ్లవీ. వేరే దేశాల నుంచి అంత్యక్రియలకి కూడా వచ్చారు.

నాకు అందులో మనసులో నిలిచిపోయింది ఆ బ్లాగు సంగతి. ఆ కబురు అక్కడ పెట్టకపోతే ఆ గిల్డ్ వాళ్లు కూడా మీలాగే రోస్టర్‌లో రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేవాళ్లేమో. అది చదివాక మా గిల్డ్‌లో ఇష్టమున్న వాళ్లం ఒక పని చేశాం. ఇంట్లో ఒకరికి మా డిస్కార్డ్ లింకు ఇచ్చి, నాకేమైనా అయితే ఇక్కడ ఒక్క లైను పెట్టు అని చెప్పి ఉంచాం. మా అక్క మొదట తిట్టింది, ఆటకి వీలునామా ఏంట్రా అని. తర్వాత లింకు సేవ్ చేసుకుంది. మీ ప్రీస్ట్ విషయంలో ఇప్పుడది పనికిరాదు, తెలుసు.

మూడో_గ్రూప్_మేజ్:
అప్‌డేట్. పోయిన శుక్రవారం మెయిల్ రాశాను. హ్యామర్ అతనికే రావాల్సిందని, నేను నోరు మూసుకున్నందుకు సారీ అని, రైడ్‌కి రాకపోయినా పర్లేదు గానీ బాగున్నావో లేదో తెలిస్తే చాలని. ఆఫీసర్‌కి కూడా ఇదే చెప్పాను, అతను కాసేపు గొణిగి, వచ్చే వారం నుంచి పాయింట్ల షీటు పెడదామన్నాడు. చూడాలి.

నిన్న పొద్దున రోస్టర్ తెరిస్తే అతని పేరు పక్కన "5 గంటల క్రితం" అని ఉంది. మేమెవ్వరం లేని టైంలో వచ్చి వెళ్లాడు. జవాబు రాలేదు. మెయిల్ చదివాడో లేదో చూసే దారి గేమ్‌లో లేదు. గిల్డ్ వదిలి మాత్రం వెళ్లలేదు. మేజ్ చేసిన నీళ్లు మెయిల్‌లో పోవు, లాగౌట్ అయి కాసేపైతే మాయమైపోతాయి, అందుకని ఈ రాత్రి కూడా లాగిన్ అవ్వగానే ఐదు కట్టలు చేసి బ్యాగులో పెట్టుకుని కూర్చున్నా.