మాటల్లేని కామెడీ గొప్పదా, మాటల కామెడీయా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): మొన్న ఆదివారం మా వసారాలో టీవీ ముందు ఆరుగురం. మా అమ్మకి తెలుగు తప్ప రాదు. మా ఆవిడది ఒడియా ఇల్లు, మామగారు కటక్ నుంచి వచ్చారు. పక్కింట్లో ఉండి చదువుకునే సవర అమ్మాయీ వచ్చింది. తెలుగు కామెడీ పెడితే ప్రతి పంచ్‌కీ నేను ఒడియాలో అర్థం చెప్పాలి. చెప్పేసరికి నవ్వు చచ్చిపోతుంది. అందుకని 1928 నాటి బస్టర్ కీటన్ మూకీ సినిమా 'స్టీంబోట్ బిల్ జూనియర్' పెట్టాను. తుపానులో ఇంటి ముందుగోడ మొత్తం కూలి అతని మీద పడుతుంది. కిటికీ కన్నం సరిగ్గా అతను నిలబడ్డ చోటికే వస్తుంది, బతికిపోతాడు. అందరం ఒక్కసారే గొల్లున నవ్వాం. నాకిదే గొప్ప హాస్యం.

గుణుపురం మేస్టారు: పడితే నవ్వడం పసిపిల్లల నవ్వు. మన నవ్వు మాటలో ఉంది. పొద్దెక్కి లేచినవాణ్ణి చూసి మా నాయనమ్మ "రాజుగారి దర్బారు ఇప్పుడు మొదలయిందేటి బావూ?" అంటే ఇల్లంతా నవ్వేది. ఎవరూ పడక్కర్లేదు. ఇంతకీ ఆ పాత సినిమాల్లో మధ్యమధ్య ఇంగ్లీషు రాతలొస్తాయి. మాటల్లేవని ఎలా అంటారు?

మహేంద్రతనయ: వచ్చాయి. ఎవరూ చదవలేదు, అవసరం పడలేదు.

బరంపురం కుర్రాడు: ఆ రాతల అట్టలు కూడా లేని సినిమా మనకే ఉంది కదండీ. పుష్పకవిమానం, 1987.

గుణుపురం మేస్టారు: అది మూకీ కాదు. హోటల్లో నిశ్శబ్దానికి నిద్రపట్టక హీరో పాత గది దగ్గరి రణగొణధ్వని టేపు చేసి తెచ్చుకుంటాడు. మనిషికి చప్పుడు కావాలనే చూపించారు దర్శకుడు సింగీతం గారు.

మహేంద్రతనయ: చప్పుడు వేరు, మాట వేరు మేస్టారూ. ఆ సినిమాకి హిందీలో పుష్పక్, తమిళంలో పేసుం పడం అని పేరు మార్చారు, అంతే. టాకీలొచ్చిన తొమ్మిదేళ్ళకి, 1936లో, చాప్లిన్ 'మోడరన్ టైమ్స్'లో గొంతు విప్పి పాట పాడాడు. అది ఏ భాషా కాదు! అయినా చేతులూ కళ్ళూ చూస్తే కత తెలిసిపోతుంది. అదే ఏడు ఏప్రిల్‌లో మన పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. రెండు భాషల మధ్య బతికేవాళ్ళం, ఆ పాట విలువ మనకి తెలియాలి.

గుణుపురం మేస్టారు: మీ ఊరి పేరెత్తారా? గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్ళోనే ఉండి జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడారు. అదే ఊళ్ళో కూర్చుని మాటే అక్కర్లేదంటారా! సిగ్గుగా లేదూ?

రాయగడ 2: మేస్టారూ, కొంచెం నెమ్మది.

మహేంద్రతనయ: ఆయన సవర కూడా నేర్చుకున్నారు, నిఘంటువు రాశారు. మా ఇంట్లో ఆ అమ్మాయి మాతోపాటు నవ్వితే మీకెందుకు కోపం?

గుణుపురం మేస్టారు: ఆ పిల్ల మీద కాదు బాబూ. మా మనవడి బడిలో తెలుగు చెప్పేవాళ్ళు లేక నాలుగేళ్ళయింది. వాడికిప్పుడు మాటల్లేని బొమ్మలే ఇష్టం. మొన్న మా ఆవిడ వాణ్ణి నవ్వించాలని సామెత వేసింది. వాడు అర్థం చెప్పమని నా మొహం చూశాడు. చెప్పాను. అప్పటికే ఆవిడ లేచి లోపలికెళ్ళిపోయింది.

రాయగడ 2: మా ఇంట్లోనూ ఇదే.

మహేంద్రతనయ: మేస్టారూ, ఈ ఆదివారం మనవణ్ణీ అమ్మగార్నీ మా ఇంటికి తీసుకురండి. ముందు చాప్లిన్ చూద్దాం. తర్వాత మా అమ్మా, అమ్మగారూ కతలు చెప్తారు.

గుణుపురం మేస్టారు: వస్తాం. ముందు కతలు.