డాలస్‌కి కొత్త – పక్కింటాయన మాట్లాడడం లేదు, ఏం చెయ్యాలి?

ఫ్రిస్కోలో దిగి నెల కూడా కాలేదండీ. పక్కింటాయన రోజూ చెయ్యి ఊపుతాడు, నోరు మాత్రం విప్పడు. నా మీద ఏమైనా కోపమా?

——

కోపమేం లేదు తమ్ముడూ. ఇక్కడ చెయ్యి ఊపితే పలకరించినట్టే. నువ్వూ ఊపు.

వీలుంటే ‘కింగ్ ఆఫ్ ది హిల్’ కార్టూన్ చూడు. నలుగురు మగాళ్లు ఇంటివెనక సందులో బీరు డబ్బాలు పట్టుకుని నిలబడతారు. ఒకడు ‘యప్’ అంటాడు, పక్కవాడూ ‘యప్’ అంటాడు. అయిపోయింది ముచ్చట!

దాన్ని గ్రెగ్ డేనియల్స్‌తో కలిసి తీసిన మైక్ జడ్జ్ కూడా బయటి నుంచి వచ్చినవాడే. ఈక్వడార్‌లో పుట్టి, న్యూమెక్సికోలో పెరిగి, శాన్ డియేగోలో ఫిజిక్స్ చదివాడు. సిలికాన్ వ్యాలీలో ఇంజినీరుగా చేరి మూడు నెలలు తిరక్కుండానే మానేశాడు. మనలో ఎంతమందికి ఆ ధైర్యం ఉంది, వీసా సంగతి పక్కనపెట్టినా? తర్వాత బ్యాండ్లలో బేస్ గిటార్ వాయించుకుంటూ, 1989లో ఓ 16 ఎంఎం కెమెరా కొనుక్కుని, డాలస్ శివార్లలో ఇంట్లో కూర్చుని బొమ్మలు గీశాడు. 1993లో ఎంటీవీలో ఆయన మొదటి కార్టూన్ సీరియల్ ‘బీవిస్ అండ్ బట్‌హెడ్’ వచ్చింది. 1997లో ఫాక్స్‌లో ఈ ‘కింగ్ ఆఫ్ ది హిల్’. ఇందులో ఊరు కల్పితమే గానీ నమూనా మన గార్లండ్, రిచర్డ్‌సన్ వైపువే. ఆ నలుగురిలో హీరో హ్యాంక్ గొంతూ జడ్జ్‌దే, ఒక్క ముక్కా అర్థంకాని బూమ్‌హవర్ గొంతూ ఆయనదే. బీవిస్‌ని తిడుతూ ఎవరో ఫోన్లో వదిలిన మెసేజ్ నుంచి పుట్టిందట ఆ బూమ్‌హవర్ యాస. ఆఫీసులో మొదటి కాన్ఫరెన్స్ కాల్‌కి ముందు బూమ్‌హవర్‌ని వింటే చెవికి అలవాటవుతుంది!

——

అన్నగారు చెప్పినదానికి ఒక మాట. మొదటి సీజన్‌లో లావోస్ నుంచి వచ్చిన కాన్ కుటుంబం హ్యాంక్ పక్కింట్లో దిగే ఎపిసోడ్ ముందు చూడండి. ‘మాది లావోస్’ అని ఎంత విడమరిచి చెప్పినా మళ్లీ ‘చైనావాడివా, జపాన్‌వాడివా?’ అంటారు. ‘తెలుగంటే హిందీలాంటిదా?’ అని మిమ్మల్నీ అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

2025లో హులు అనే ఓటీటీలో వచ్చిన కొత్త సీజన్‌లో హ్యాంక్ దంపతులు సౌదీలో పనిచేసి తిరిగొస్తారు. గల్ఫ్ నుంచి ఊరికొచ్చిన మా బాబాయే గుర్తొచ్చాడు నాకు.

అన్నట్టు, లాన్ గడ్డి పెరగనివ్వకండి. పక్కింటాయన ఏమీ అనకపోయినా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఉత్తరం పంపిస్తారు.