క్రైస్ట్‌చర్చ్ భూకంపం తర్వాత చెల్లెలి జాడ తెలుసుకోవడం ఎలా?

నేను ఐర్లండ్‌లోని కార్క్ నుంచి బోస్టన్‌కు వలస వచ్చినవాడిని. మా చెల్లెలు న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్ తూర్పు శివారైన బెక్స్‌లీలో ఒంటరిగా ఉంటోంది. అక్కడి కాలమానం ప్రకారం 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12:51కి, అంటే ఇక్కడ 21వ తేదీ సాయంత్రం 6:51కి భూకంపం వచ్చింది. 30 గంటలు గడిచినా ఆమె నుంచి కబురు లేదు. సెల్‌ఫోన్ మోగకుండానే తెగిపోతోంది, సందేశాలకు జవాబు రావడం లేదు, విపత్తుల్లో జాడ తెలియనివారిని వెతికే వెబ్‌సైట్ గూగుల్ పర్సన్ ఫైండర్‌లో నేను నమోదు చేసిన వివరాల కింద ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు. ఆమె ఉద్యోగం నగరం నడిబొడ్డున కాదు కనుక అక్కడ కూలిన సీటీవీ (కాంటర్‌బరీ టెలివిజన్) భవనం గురించి భయపడనవసరం లేదనుకుంటూనే, ఆ వార్తలే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. తూర్పు శివార్లలో నేల ద్రవీకరణ చెంది, అంటే కుదుపులకు ద్రవంలా మారి, వీధుల నిండా బురద ఉబికిందని, కరెంటు లేదని విన్నాను. బర్న్‌సైడ్ హైస్కూల్, హాగ్లీ పార్క్ శిబిరాల్లో తలదాచుకున్నవారి పేర్లను విదేశాల్లోని బంధువులు ఎవరిని అడిగి తెలుసుకోవచ్చు?