కార్న్‌హోల్ బోర్డు మీద సంచి నిలవడం లేదు, నాన్న కోసం చేశాను, కాస్త చెప్పండి

ప్రశ్న (సిన్సినాటి నుంచి):
నమస్తే అండి. ఎండాకాలం వస్తే మా వీధిలో ఏ పెరట్లో చూసినా కార్న్‌హోల్ బోర్డులే. గింజల సంచిని దూరం నుంచి, రంధ్రం ఉన్న వాలు బోర్డు మీదకి విసిరే ఆట ఇది. నాన్న మే నెలలో ఖమ్మం నుంచి వచ్చారు. మోకాళ్ళ నొప్పులని పార్కుకి రమ్మన్నా రారు. పక్కింటివాళ్ళ ఆట మాత్రం కిటికీ దగ్గర కూర్చుని గంటసేపు చూస్తారు. ఒకరోజు "గురి ఆటే కదరా, నేనూ వేస్తా" అన్నారు. ఆ శనివారమే పని మొదలుపెట్టాను.

బోర్డు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. 6 అంగుళాల రంధ్రం, దాని నడిమి చుక్క పై అంచుకి 9 అంగుళాల కింద. వెనక ఎత్తు 12 అంగుళాలు. చెక్క మాత్రం గరాజ్‌లో మిగిలిన పావు అంగుళం ప్లైవుడ్. సంచులు అమ్మ పాత జీన్స్ గుడ్డతో కుట్టింది. లోపల మొక్కజొన్న గింజలు, ఒక్కోటి 440 గ్రాములు. నాన్న నాలుగు గింజలు కొరికి చూసి "ఇంకా పచ్చిగానే ఉన్నాయి, పటుక్కుమనాలి" అన్నారు. రెండు రోజులు డెక్ మీద దుప్పటి పరిచి ఎండబెట్టాకే కుట్టనిచ్చారు.

తీరా వేస్తే సంచి బోర్డుకి తగిలి ఎగిరి గడ్డిలో పడుతోంది. నాన్న సరిగ్గా వేసినవి కూడా అంతే. "నా గురి పోయిందిరా" అంటున్నారు. ఆ మాట నాకు చాలా బాధగా ఉంది. లోపం బోర్డులో ఉందని నా నమ్మకం. పైగా రెండు బోర్డుల మధ్య 27 అడుగుల దూరం ఆయనకి ఎక్కువవుతోంది. అక్టోబరులో వెళ్ళిపోతారు, ఈలోగా సరిచేయాలి.

జవాబు (డేటన్ నుంచి):
అన్నా, మీ నాన్నగారి గురికి ఏమీ కాలేదు. పావు అంగుళం చెక్క డప్పు తోలులా ఊగుతుంది, సంచిని విసిరికొడుతుంది. అర అంగుళం ప్లైవుడ్ వేయండి. చుట్టూ ఫ్రేమ్ ఉన్నా సరిపోదు, నడుమ అడ్డంగా ఒక టూ బై ఫోర్ కర్ర ముక్క బిగించండి. అది లేకే నా మొదటి జత కూడా ఇలాగే ఎగరేసింది. సంచి కుట్టాక 6 అంగుళాల చదరం వచ్చిందా కొలవండి. చిన్నదైతే గింజలు బిగుసుకుపోయి రాయిలా పడుతుంది, పరుచుకోదు. గుడ్డ 7 అంగుళాలు కత్తిరిస్తే కుట్టు పోను 6 మిగులుతుంది.

జవాబు (కొలంబస్ నుంచి):
అన్నయ్యా, పిల్లలకి 21 అడుగులే పెడతారు, నాన్నగారికీ అంతే పెట్టండి. ఇద్దరిద్దరుగా ఆడండి. జట్టులో ఒకరు ఈ బోర్డు దగ్గర, ఒకరు ఆ బోర్డు దగ్గర నిలబడతారు. ఎవరూ అటూ ఇటూ తిరగక్కర్లేదు, సంచులే తిరుగుతాయి. మా అత్తయ్యగారు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇలాగే ఆడారు, మధ్యమధ్యలో కుర్చీలో కూర్చునేవారు.

ఇంకొకటి, రాత్రి సంచులు గడ్డిలో వదలకండి. మావి తడిసి బూజు వాసన కొట్టాయి, అన్నీ పారేశాం. పొడిగా ఉంచినా గింజలు కొన్నాళ్ళకి నలిగి పిండి రాలుతుంది.

మళ్ళీ అడిగినవారే:
ఇద్దరికీ చాలా థాంక్స్. అమ్మ కుట్టిన సంచి కొలిస్తే అయిదుంపావు! మళ్ళీ 7 అంగుళాల ముక్కలతో, రెండు వరసల కుట్టుతో కుట్టింది. కొత్త చెక్క, అడ్డకర్ర వేశాక సంచి పడ్డచోటే పరుచుకుంటోంది.

నిన్న సాయంత్రం నాన్న, మా ఎనిమిదేళ్ళ పాప ఒక జట్టు. నేను, పక్కింటాయన ఇంకో జట్టు. రంధ్రంలో పడితే 3, బోర్డు మీద నిలిస్తే 1, ఎదుటివాళ్ళవి తీసేయగా మిగిలిందే లెక్క. ఆ తీసివేత పాపకి నాన్నే నేర్పారు. 19 దగ్గర ఉండగా నాన్న వేసిన సంచి బోర్డు మీద జారుకుంటూ వెళ్ళి రంధ్రంలో పడింది. ఆ రౌండులో మాకు ఒక్క పాయింటే, వాళ్ళు 21 కొట్టేశారు. పాప అటు నుంచి పరుగెత్తుకొచ్చి తాతని పట్టుకుంది.

ఈ పొద్దున నాన్న కొలతలన్నీ తెలుగులో రాసిమ్మన్నారు, ఖమ్మంలో వడ్రంగికి చూపించాలట. అక్కడ మొక్కజొన్న బదులు చింతగింజలు పోస్తారట, నలగవని. ఎవరైనా పోసి చూశారా?