బియర్డెడ్ డ్రాగన్ పళ్లకు గార పట్టింది, ఏం చేయాలి?

ప్రశ్న (రావులపాలెం నుంచి): మా బియర్డెడ్ డ్రాగన్ (ఇంట్లో పెంచుకునే, తొండ జాతి జీవి) వయసు నాలుగేళ్లండి. కింది దవడ పళ్ల మొదట్లో గోధుమరంగు గార, చిగురు అంచు ఎర్రగా ఉంది. రోజూ చక్కెరకేళి ముక్క పెడతాం. బల్లికి ఊడిన పన్ను మళ్లీ వస్తుందంటారు, దీనికీ వస్తుందా?

జవాబు: రాదండి. బల్లికి, ఉడుముకి పళ్లు దవడ లోపలి వైపు ఆనుకుని ఉంటాయి, ఊడితే కొత్తవి మొలుస్తాయి. తొండ, ఊసరవెల్లి, మీ డ్రాగన్‌లకు ముందు పళ్లు తప్ప మిగతావి దవడ ఎముక అంచుకే అతుక్కుపోయి ఉంటాయి. పోతే పోయినట్టే. చిగురు జారితే ఎముక బయటపడి చీము పడుతుంది. ముందు ఆ చక్కెరకేళి ఆపండి, ఆయ్! మెత్తటి తీపి పంటికి అంటుకుపోతుంది.

జవాబు: మందులషాపులో దొరికే 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌కి అంతే కొలత కాచి చల్లార్చిన నీళ్లు కలిపితే 0.1 శాతం అవుతుంది. దూదిపుల్ల ముంచి, పిండి, చిగురు అంచు వెంట రోజుకోసారి తుడవండి. గొంతులోకి కారనివ్వద్దు. దవడ పట్టి లాగొద్దు, కాల్షియం లోటుంటే విరుగుతుంది. గట్టిపడిన గార గీకకండి. పశువైద్యులు మత్తిచ్చి తీయాలి. వాపుంటే ఎక్స్‌రే తప్పదు.

ప్రశ్నించినవారు: టూత్‌పేస్టు వాడొచ్చాండి?

జవాబు: వద్దండి, మింగేస్తుంది. మేతలో పెంపకపు కీచురాళ్లు, మునగాకు పెంచండి. చేలగట్టు మిడతలు మాత్రం వద్దు, వరికి కొట్టిన మందు వాటిలో ఉండొచ్చు.